అన్నా, తమ్ముడా? జపాన్ తెర మీద పాఠకుల ప్రశ్నలు

ప్ర: జపాన్ కుటుంబ డ్రామాలు ఇంగ్లీషు సబ్‌టైటిళ్లతో చూస్తుంటాను. ‘బ్రదర్’ అని వేస్తారు, అన్నో తమ్ముడో తేలదు. మూడో భాగం దాకా వరసలే అర్థం కావు. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జ: కన్ను అక్షరాల మీద ఉన్నా చెవి మాత్రం మాట మీద పెట్టండమ్మా. ఇంగ్లీషు మింగేసిన వరస జపనీసులో వినపడుతూనే ఉంటుంది, అది చాలావరకు మన వరసే. అన్నని ‘ఒనీసన్’, ‘ఒనీచన్’ అంటారు. అక్కని ‘ఒనేసన్’, ‘ఒనేచన్’ అంటారు. తమ్ముణ్ణీ చెల్లెల్నీ మాత్రం పేరు పెట్టే పిలుస్తారు, అచ్చం మన ఇళ్లలోలాగే. భోజనాల దగ్గర ఎవరు ఎవర్ని పేరు పెట్టి పిలిచారో పట్టుకుంటే మొదటి భాగంలోనే పెద్దాచిన్నా తేలిపోతుంది. చెవిన ‘ఒనీచన్’ అని పడితే, సబ్‌టైటిల్లో చాలాసార్లు ఆ పాత్ర పేరు వేసి ఊరుకుంటారు. అలాంటప్పుడు చెవినే నమ్మండి. పెళ్లాం మొగుణ్ణి ‘ఒతోసన్’, అంటే నాన్నా అని పిలిస్తే కంగారు పడక్కర్లేదు. పిల్లలు పుట్టాక వాళ్ల వైపు నుంచి వరస కలుపుకుని పిలవడం అక్కడ మామూలు.

మనవాళ్లు పొరబడేది రెండు చోట్ల. ఒకటి దీర్ఘం. ‘ఒబసన్’ అంటే పిన్ని, ‘ఒబాసన్’ అంటే అమ్మమ్మో నాయనమ్మో. పైగా పిన్నికీ పెద్దమ్మకీ మేనత్తకీ కలిపి ఆ ‘ఒబసన్’ ఒక్కటే మాట, మేనమామకీ బాబాయికీ ‘ఒజిసన్’ ఒక్కటే. అమ్మ తరఫో నాన్న తరఫో కథలోంచే పట్టుకోవాలి. రెండోది మర్యాద. ఇంట్లో ‘ఒతోసన్’ అని పిలిచే నాన్ననే పరాయివాళ్ల దగ్గర ‘చిచి’ అంటారు, అమ్మని ‘హహ’ అంటారు. మనం ‘మా నాన్నగారు’ అని గారు తగిలిస్తాం. తమ ఇంటివాళ్లని తగ్గించి చెప్పుకోవడం వాళ్ల మర్యాద. ఆ మాట విని కొడుకు పొగరుబోతు అనుకోకండి, ఎదుట ఉన్నది బయటి మనిషని గుర్తు పెట్టుకోండి.

ప్ర: 1953 నాటి ‘తోక్యో మొనొగతారి’, అదే ‘టోక్యో కథ’, గొప్పదంటే చూశాం. మనుషులు పొట్టిగా, లావుగా, బిగుసుకుపోయి ఉన్నారు. ఇందులో నటన ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, తణుకు

జ: పొట్టీ లావూ మీ టీవీ చేసిన పని. ఆ బొమ్మ ఎత్తు 1 అయితే వెడల్పు 1.37 మాత్రమే. ఇప్పటి వెడల్పు తెర నిండా దాన్ని లాగితే మొహాలు సాగుతాయి. రిమోట్‌లో పిక్చర్ సైజు 4:3కి గాని ఒరిజినల్‌కి గాని మార్చి, రెండు పక్కలా నల్లపట్టీలు ఉండనివ్వండి. గుండ్రటి గిన్నె కోడిగుడ్డులా కనిపిస్తుంటే ఇంకా సాగే ఉందన్నమాట.

బిగుసుకుపోవడం మాత్రం దర్శకుడు ఒజు యసుజిరో కావాలని చేయించింది. (వాళ్లకీ మనలాగే ఇంటిపేరే ముందు, ఇక్కడ అలాగే రాస్తున్నాం.) కెమెరా చాప మీద కూర్చున్నవాడి కంటికన్నా కిందే ఉంటుంది, కదలడం అరుదు. తండ్రి వేషం వేసిన ర్యూ చిషూకి అప్పటికి 50 ఏళ్లు నిండలేదు. వంగిన వీపుతో, మాటకి ముందు తీసుకునే కాస్త ఆలస్యంతో 70 ఏళ్ల తండ్రి అయిపోయాడు. చివర్లో చిన్న ఆడపడుచు ‘బతుకంటే ఇంత నిరాశేనా’ అన్నట్టు అడుగుతుంది. కోడలు హర సెత్సుకో నవ్వుతూనే అవునంటుంది. ఆ నవ్వు దగ్గర వెనక్కి వెళ్లి ఇంకోసారి చూడండి, అంత నిండైన నటన ఆ రోజుల్లో ఏ దేశంలోనూ అరుదు.

ప్ర: ‘ఏడుగురు సమురాయ్’ (1954)లో దొంగలు చచ్చాక ఊడ్పుల పాటతో ముగించారు. యుద్ధం సినిమాకి అది అతకలేదని మా ఇంట్లో వాదన.
– ఒక రైతు, ఆచంట

జ: ఆ సినిమాకి గడియారం పంటేనండీ. ముందు వరి దోచుకుపోయిన దొంగలు, బార్లీ పండాక మళ్లీ వద్దామనుకుంటారు. ఊరివాళ్లు కాపలాకి ఏడుగురు సమురాయ్‌లని, అంటే కత్తియోధుల్ని, పెట్టుకుని, ఆ బార్లీ కోసేసి చేలకి నీరు పెడతారు. గుర్రాలకి అడ్డం పడే కందకం ఆ నీరే. పోరు ముగిసేసరికి ఊడ్పుల అదను వచ్చేసింది. డప్పూ వేణువూ మోగుతుంటే ఆడవాళ్లు నారు నాటుతారు, పైన దిబ్బ మీద పోయిన నలుగురు సమురాయ్‌ల సమాధులు. మిగిలిన ముగ్గురిలో పెద్దవాడు, షిమురా తకషి, గెలిచింది రైతులే, మనం కాదంటాడు. పాట లేకపోతే ఆ మాటకి అర్థమే లేదు.

మిఫునె తోషిరోది ఓవరాక్షన్ అనేవాళ్లకి కూడా ఇక్కడే జవాబు. అతని పాత్ర రైతుబిడ్డ అయ్యుండి సమురాయ్‌నని చెప్పుకు తిరిగేది. ఆ గంతులూ అరుపులూ ఆ అతుకు కనపడకుండా పడే తంటా. నిడివి 207 నిమిషాలు, మధ్యలో సినిమాలోనే విరామం ఉంది. అక్కడ ఆపి మిగతాది మర్నాడు చూడొచ్చు.

ప్ర: ఇప్పటి నటీమణుల్లో ఒక్కరి సినిమా చెప్పండి.
– ఒక పాఠకురాలు, నరసాపురం

జ: ఇప్పటి అంటే 2018లో పోయిన కికి కిరిన్‌నే చెప్తాం. కోరెఎద హిరొకజు తీసిన ‘అరుఇతెమొ అరుఇతెమొ’ (2008) చూడండి. మునిగిపోతున్న పిల్లాణ్ణి కాపాడబోయి చనిపోయిన పెద్దకొడుకు సంవత్సరీకానికి అందరూ ఇంటికి చేరతారు. తల్లి వేషం వేసిన కికి మొక్కజొన్న గింజలు పిండిలో కలిపి నూనెలో వేస్తే టపటపా పేలతాయి, ఆ చప్పుడుకే ఇల్లంతా పోగవుతుంది. రాత్రి అదే తల్లి అల్లిక అల్లుకుంటూ, ఆ బతికిన పిల్లాణ్ణి ఏటా ఎందుకు పిలుస్తోందో చెబుతుంది. వాడూ ఏడాదికోసారి బాధపడాలనట. గొంతు పెరగదు. లేసు అల్లే మీ ఊరివాళ్లకి ఆ చేతుల నెమ్మది మరీ తెలుస్తుంది.

ప్ర: ‘ఒషిన్’ ఎన్ని భాగాలు? అంతా చూడాలా?
– ఒక పాఠకుడు, భీమవరం

జ: 297 భాగాలు, ఒక్కోటి 15 నిమిషాలు, మొత్తం 74 గంటల పైమాటే. 1983–84లో జపాన్ టీవీ ఎన్‌హెచ్‌కెలో పొద్దుటిపూట వచ్చింది. కొబయషి అయకో వేసిన ఒషిన్ చిన్నతనం మొదటి 36 భాగాల్లో అయిపోతుంది. ఒక బస్తా బియ్యానికి ఏడాదిపాటు పిల్లని పనికి పంపేది అందులోనే. రోజుకి నాలుగు చొప్పున తొమ్మిది రోజులు చూసి, ఆపైన తనక యూకో వేసిన, ఒషిన్ వయసొచ్చాక జరిగే భాగాలకి వెళ్లండి.