పడమర గోడ తీసేసి అద్దం పెట్టమంటున్నారు, పెట్టొచ్చా?

ప్రశ్న: సార్, కాప్రాలో మాది 1994లో కట్టిన ఇల్లు, కింద ఒకటి పైన ఒకటి పోర్షన్లు. దక్షిణం పక్కన ఈమధ్య జీ ప్లస్ త్రీ లేపారు, మధ్యలో ఆరడుగుల సందే, అప్పట్నుంచి కింద హాల్లో పట్టపగలు కూడా ట్యూబ్‌లైట్ వేసుకోవాల్సొస్తోంది. పై గదిలోంచి పడమరకి చెరువు కనిపిస్తుంది, ఆ గోడ తీసేసి మొత్తం అద్దం పెట్టేద్దాం, వెలుతురూ వ్యూ రెండూ వస్తాయని ఇంటీరియర్ అతను అంటున్నాడు. సోలార్ కూడా పెట్టిద్దామని ఉంది. ఏం చెయ్యమంటారు?
– ఓ రిటైర్డ్ టీచర్

జవాబు: టీచర్ గారూ, ఆ అద్దం జోలికి పోకండి. ఏప్రిల్లో సాయంత్రం నాలుగింటికి ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది. పొద్దు వాలాక ఎండ అడ్డంగా కొడుతుంది, సజ్జ ఎంత ముందుకి లాగినా ఆగదు, చెరువు చూసేదేమో గానీ కర్టెన్ మూసి ఏసీ వేసుకుని కూర్చోవాల్సొస్తుంది. కుర్చీలో కూర్చుంటే కంటి ఎత్తుకొచ్చేలా మూడడుగుల కిటికీ చాలు, బయటవైపు వెదురు తడిక కట్టండి. లోపలి కర్టెన్ వేడి ఇంట్లోకొచ్చాక అడ్డం పడుతుంది, తడికైతే బయటే ఆపేస్తుంది. అదైనా ఆ గోడ మీద స్లాబు బరువుందో లేదో ఇంజనీర్‌కి చూపించాకే కొట్టించండి.

ఇక హాలు. పక్కింటాయన్ని బతిమాలి, మీవైపున్న ఆయన గోడకి తెల్ల సున్నం కొట్టించండి, మీ ఖర్చుతోనే. నవ్వకండి, సందులో పడే వెలుతురు ఆ గోడకి తగిలే మీ కిటికీలోకి రావాలి, అది నల్లటి సిమెంట్ ప్లాస్టరింగ్‌గా ఉంటే సగం అక్కడే పోతుంది. మా చెల్లెలింట్లో ఇలాగే చేయిస్తే పదింటి నుంచి మూడింటి దాకా లైట్ వెయ్యట్లేదు, అప్పుడే దోమల జాలీ కూడా విప్పి కడిగించా, ఎంత దుమ్ము పోయిందో!

మెట్ల గదిలోంచి కూడా కొంత వెలుతురు కిందికి దింపొచ్చు, కానీ కప్పు మీద అద్దం వద్దు. హైదరాబాద్‌లో మే 10 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తినే ఉంటాడు, మెట్ల గది పొయ్యి అవుతుంది. ఉత్తరం గోడకి పైన నిలువు అద్దం పెట్టి చిన్న సజ్జ వెయ్యండి.

సోలార్ పెట్టించుకోండి, సూర్య ఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78,000 రూపాయలు సబ్సిడీ ఉంది, రోజుకి సుమారు 12 యూనిట్లొస్తాయి, నీడ పడని చోటు ఓ 300 చదరపు అడుగులు కావాలి. మీకు చిక్కంతా ఆ నీడతోనే. పక్కిల్లు మీ డాబా కంటే ఇరవై అడుగులు ఎత్తనుకుంటే డిసెంబర్ మధ్యాహ్నం దాని నీడ పదిహేడు అడుగులు పడుతుంది, సందు పోగా పదకొండు అడుగులు మీ డాబా మీదే. కాబట్టి ప్యానెళ్లు ఉత్తరం పిట్టగోడ వైపు జరపాలి. బట్టలారేసే తీగ ఎటు మార్చాలో మాత్రం ముందే ఇంట్లో మాట్లాడుకోండి, మా ఇంట్లో పెద్ద గొడవ దాని మీదే అయింది.