కవిత ముందు, అలంకారం పేరు తరువాత

చిరంజీవి మేనకోడలికి,

మేనత్త ఆశీస్సులు. ఉభయ కుశలోపరి. పదో తరగతి పిల్లలకు బోర్డు పరీక్షల ముందు ఇంగ్లీషు కవితలను పునశ్చరణ చేయించవలసి ఉందనీ, పాఠాలన్నీ ఒకసారి పూర్తయినా సిమిలీకీ ('లా' అంటూ పోల్చే ఉపమ) మెటఫర్‌కూ (ఆ మాట లేకుండా ఒకదాన్ని మరొకటిగానే చూపే రూపకం) తేడా వాళ్లకు నిలవడం లేదనీ, మిగిలిన కొద్ది పీరియడ్లలో ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ రాశావు. ఉద్యోగం చేసినంత కాలమూ ఇంగ్లీషే చెప్పినదాన్ని కనుక నాకు ఫలితమిచ్చిన పద్ధతిని వివరంగా రాస్తున్నాను. నీ తరగతిని బట్టి మార్పులు చేసుకో.

పునశ్చరణ అనగానే బోర్డు నిండా అలంకారాల పేర్లు రాసి, ఒక్కొక్కదానికి నిర్వచనమూ ఉదాహరణా వల్లె వేయించడం మన బడుల్లో పరిపాటి. ఆ పనితో మొదలుపెట్టవద్దని నా మొదటి సలహా. నిర్వచనాలు బాగా వచ్చిన పిల్లవాడు కూడా పరీక్షలో నాలుగు పంక్తులు ఇచ్చి ఇందులో కవి ఏం చేశాడని అడిగితే, గుడ్డెద్దు చేలో పడ్డట్టు తనకు తెలిసిన పేర్లన్నీ వరుసగా రాసేస్తాడు. వాడికి పేర్లు వచ్చు, పంక్తిని చూడడం రాదు. అందువల్ల ప్రతి పీరియడూ కవితతోనే ప్రారంభం కావాలి. అందులో పిల్లలు తమంతట తాము ఏదైనా గమనించిన తరువాతే, దానికి ఇదీ పేరని నువ్వు చెప్పాలి.

ఇది ఆచరణలో ఎలా ఉంటుందో ఒక్క కవితతో చూపుతాను. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి ఇంగ్లీషు పాఠ్యపుస్తకం 'ఫస్ట్ ఫ్లైట్'లో ఉన్న రాబర్ట్ ఫ్రాస్ట్ 'డస్ట్ ఆఫ్ స్నో' ఎనిమిది పంక్తులే కనుక పునశ్చరణకు అంతకంటే అనువైనది లేదు. ఒకసారి నువ్వు పైకి చదువు, ఒకసారి పిల్లల చేత చదివించు, ఆ తరువాత అలంకారం ఊసెత్తకుండా 'ఇందులో ఏం జరిగింది?' అని మాత్రమే అడుగు. చెట్టు మీది కాకి కదిలితే కింద ఉన్న మనిషి మీద మంచుపొడి రాలింది, దానితో అతని మనసు తేలికపడింది, అంతవరకు దిగులుగా గడిచిన రోజులో కొంత భాగం దక్కింది అన్నంత వరకు పిల్లల నోటి నుంచే రావాలి. మంచు కురవడాన్ని ఎన్నడూ చూడని పిల్లలకు పొడిలా రాలే మంచు ఊహకు అందదు కనుక ఆ ఒక్క విషయానికి నువ్వు సాయపడు.

రెండో ప్రశ్నగా 'ఈ కవితలో వాక్యాలు ఎన్ని?' అని అడుగు. ఎనిమిదని కొందరు, రెండని కొందరు అంటారు. నిజానికి మొత్తం కవిత ఒకే వాక్యం. మొదటి చరణం అంతా ఆ వాక్యానికి కర్త మాత్రమే, క్రియ రెండో చరణం మొదట్లో గాని రాదు. కాకి మంచు రాల్చిన తీరు అంటూ నాలుగు పంక్తుల పాటు మనల్ని నిలిపి ఉంచి, ఆ తీరు తనకేమి ఇచ్చిందో తరువాతి నాలుగింటిలో చెప్పాడు కవి. వాక్యం ఎక్కడ మలుపు తిరిగిందో మనసు కూడా అక్కడే మలుపు తిరిగిందని పిల్లలు కనిపెడితే, నిర్మాణం అనే పెద్ద మాటను నువ్వు వేరుగా బోధించవలసిన అవసరం ఉండదు. వ్యాకరణం పీరియడ్‌లో నేర్చుకున్న కర్త, క్రియ కవితకు కూడా పనికివస్తాయని వాళ్లు చూడడం మరో లాభం.

ఆ తరువాత కాకి దగ్గరికి రా. కాకి తలమీద తన్నితే కీడని మన ఇళ్లలో పెద్దలు అనడం పిల్లలు వినే ఉంటారు. పాశ్చాత్యుల కవిత్వంలోనూ కాకికి మంచి పేరు లేదు. అటువంటి పక్షి చేతనే కవి మేలు చేయించాడు. చిలుకనో పావురాన్నో పెట్టి ఉంటే ఏం పోయేదని అడిగి చూడు, ప్రతీక అంటే ఏమిటో వాళ్లే చెబుతారు. ఇక హెమ్లాక్ చెట్టు విషయంలో నువ్వు జాగ్రత్తగా ఉండాలి. అది విషవృక్షమని చాలా గైడ్లలో రాసి ఉంటుంది. సోక్రటీసుకు ఇచ్చిన విషం హెమ్లాక్ అనే పేరే ఉన్న, తెల్లని చిన్న పూలు పూసే ఒక మొక్క నుంచి తీసినది. ఫ్రాస్ట్ నివసించిన న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు అడవుల్లో పెరిగే హెమ్లాక్ వేరు, అది సూదుల వంటి ఆకులు గల సతతహరిత వృక్షం, విషపూరితం కాదు. అయినా ఆ పేరు వినగానే విషం స్ఫురిస్తుంది కనుక, 'చెట్టు పేరు అశుభాన్ని గుర్తుకు తెస్తుంది' అని రాస్తే నిజమూ నిలుస్తుంది, భావమూ నిలుస్తుంది. ఇటువంటి చోట్ల ఒక్క నిమిషం ఆగి సరిచూసుకునే అలవాటును నువ్వు పాటిస్తే పిల్లలకూ అబ్బుతుంది.

ప్రాస దగ్గర మన పిల్లలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. తెలుగు పద్యంలో ప్రాస అంటే పాదంలోని రెండో అక్షరం, ఇంగ్లీషువారి రైమ్ పంక్తి చివర వస్తుంది. అది మన అంత్యానుప్రాసకు దగ్గరిదని ముందే చెప్పు. ఆపైన రైమ్‌ను చెవితో పట్టాలి గాని స్పెల్లింగ్‌తో కాదని నొక్కి చెప్పు. ఇదే కవితలో మూడ్ (mood), రూడ్ (rued) అనే మాటలను చూసి, అక్షరాలు కలవలేదు కనుక రైమ్ లేదని రాసే పిల్లలు ప్రతి సంవత్సరమూ ఉంటారు. ఫ్రాస్ట్‌దే అయిన 'ఫైర్ అండ్ ఐస్'లో హేట్ (hate), గ్రేట్ (great) అనే జంట కూడా అటువంటిదే. పైకి చదివించకుండా రైమ్ స్కీమ్, అంటే ఏ పంక్తి దేనితో రైమ్ అవుతుందో చూపే వరుస, రాయించవద్దు.

తెలుగు వాచకంలో నేర్చుకున్న అలంకారాలను ఇంగ్లీషు తరగతిలోకి రానివ్వకూడదనుకునే ఉపాధ్యాయులు ఉన్నారు, వారితో నేను ఏకీభవించను. ఉపమాలంకారంలో ఉపమేయం, ఉపమానం, సమాన ధర్మం, ఉపమావాచకం అనే నాలుగు భాగాలు మన పిల్లలకు కంఠతా వచ్చు. ఇంగ్లీషు కవి వర్డ్స్‌వర్త్ డాఫొడిల్స్ అనే పూల మీద రాసిన కవిత మొదటి పంక్తిలో తనను మేఘంతో పోల్చిన చోట ఆ నాలుగింటినీ వెతకమను. ఉపమేయం, ఉపమానం, వాచకం వెంటనే దొరుకుతాయి, సమాన ధర్మం దగ్గర చర్చ మొదలవుతుంది. ఒంటరితనమా, లక్ష్యం లేకుండా తిరగడమా, పై నుంచి అన్నిటినీ చూడగలగడమా అని పిల్లలు వాదించుకుంటే ఆపవద్దు, ఆ వాదనే విశ్లేషణ. అయితే ప్రతి ఇంగ్లీషు అలంకారానికీ తెలుగులో సరిజోడు ఉండదు కనుక, పర్సానిఫికేషన్ (ప్రాణం లేనివాటిని మనుషుల్లా చూపడం) వంటివాటిని బలవంతంగా ఏదో ఒక తెలుగు పేరులో ఇరికించవద్దు.

సిమిలీ, మెటఫర్ తేడాకు కార్ల్ శాండ్‌బర్గ్ రాసిన 'ఫాగ్' చాలు. 1916లో వెలువడిన 'షికాగో పోయమ్స్' లోని ఈ ఆరు పంక్తుల కవితలో పొగమంచు పిల్లి పాదాలతో వస్తుంది, రేవునూ నగరాన్నీ చూస్తూ కూర్చుంటుంది, కదిలి వెళ్లిపోతుంది. పోలిక కనబడింది కనుక చాలామంది సిమిలీ అని రాస్తారు. 'లైక్' గాని 'యాజ్' గాని ఎక్కడుందో వేలు పెట్టి చూపించమను. చూపించలేనప్పుడు తేడా తానే అర్థమవుతుంది. పిల్లి అనే ఒక్క రూపకాన్ని చివరి వరకు కొనసాగించినందువల్ల దీన్ని ఎక్స్‌టెండెడ్ మెటఫర్ అంటారనీ, రైమ్, నియమిత ఛందస్సు లేనందువల్ల ఫ్రీ వర్స్ అంటారనీ అక్కడికక్కడే చెప్పేయవచ్చు. ఫ్రీ వర్స్‌నూ బ్లాంక్ వర్స్‌నూ కలిపేస్తారు. బ్లాంక్ వర్స్‌లో రైమ్ ఉండదు గాని లయ నియమం ఉంటుందని ఒక్క మాటలో తేల్చు.

కవిత్వంలో 'నేను' అన్నది ఎవరు అనే ప్రశ్నకు మాత్రం తగినంత సమయం ఇవ్వు. వర్డ్స్‌వర్త్ కవితలో వక్త ఒంటరిగా తిరుగుతూ పూలను చూస్తాడు. కాని 1802 ఏప్రిల్ 15న అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున కవితో పాటు ఆయన చెల్లెలు డొరతీ ఉంది. ఆ పూలు గాలికి ఊగిన తీరును ఆమె తన దినచర్యలో రాసుకుంది. కవి చెల్లెలితో ఉన్నాడు, కవితలోని మనిషి ఒంటరిగా ఉన్నాడు. ఒంటరితనంలో ఆ దృశ్యం మళ్లీ మనసులో మెదిలి ఇచ్చే ఆనందమే కవితకు ముఖ్యం కనుక వక్తను ఒంటరిని చేశాడని పిల్లలకు చెబితే, కవికీ వక్తకూ ఉన్న దూరం ఇక మరచిపోరు. ఇంకొక ముచ్చట కూడా చెప్పు. 1807లో అచ్చయినప్పుడు ఆ పూలను 'డాన్సింగ్' అన్న కవి, 1815లో ఆ మాట తీసి 'గోల్డెన్' అని మార్చాడు. నాట్యం ఆ చరణం చివరి పంక్తిలో ఎలాగూ వస్తున్నది కదా, రంగు వల్ల ఏమి కలిసివచ్చిందని అడుగు. పద ఎంపిక గురించి ఇంత చక్కగా నేర్పే అవకాశం తరచుగా రాదు.

టోన్, మూడ్ అనే రెండింటినీ తారుమారు చేయడం సాధారణం. టోన్ వక్త ధోరణి, మూడ్ చదువరిలో కలిగే భావం. 'డస్ట్ ఆఫ్ స్నో'లో మూడ్ అనే మాటే వాడి ఉన్నందువల్ల గందరగోళం ఇంకా పెరుగుతుంది, అక్కడ అది వక్త మనఃస్థితి. టోన్‌కు 'ఫైర్ అండ్ ఐస్' మంచి ఉదాహరణ. 1920లో అచ్చయిన ఈ తొమ్మిది పంక్తుల కవిత ప్రపంచం అంతం కావడం గురించి మాట్లాడుతుంది, కాని ఎక్కడా గొంతు పెంచదు. కోరికను నిప్పుతో, ద్వేషాన్ని మంచుతో ముడిపెట్టి, నాశనానికి మంచు కూడా సరిపోతుందని చల్లగా ముగిస్తుంది. చివరి రెండు పంక్తులు వాటికి సరిగ్గా ముందున్న ఐదు పంక్తుల కంటే పొట్టివని పిల్లల చేత గమనింపజేయి. అంత భయంకరమైన విషయాన్ని అంత పొడిగా చెప్పడంలోనే దాని శక్తి ఉందని వాళ్లు పట్టుకుంటే, అండర్‌స్టేట్‌మెంట్ అనే పేరు అప్పుడు చెప్పు. కోరిక గురించి 'రుచి చూశాను' అన్న వక్త, ద్వేషం దగ్గరకు వచ్చేసరికి 'తెలుసు' అని ఎందుకన్నాడో కూడా అడిగి చూడు. ఆ ప్రశ్నకు ఒకే జవాబు లేదు, అందుకే అడగమంటున్నాను.

కథలకు సంబంధించిన ప్లాట్ (కథాక్రమం), సెట్టింగ్ (కథ జరిగే చోటు, కాలం), క్యారెక్టర్ (పాత్ర), కాన్‌ఫ్లిక్ట్ (సంఘర్షణ) వంటివి పిల్లలకు త్వరగానే పట్టుబడతాయి కనుక వాటికి ఒక పీరియడ్ మించి కేటాయించవద్దు. థీమ్ ఒక్కటే కష్టపెడుతుంది. కాకి, మంచు, ప్రకృతి అని ఒక మాటలో రాస్తే అది విషయం మాత్రమే అవుతుంది. చిన్న సంఘటన కూడా మనిషి మనసును మార్చగలదని పూర్తి వాక్యంగా రాస్తేనే థీమ్ అవుతుంది. థీమ్ అడిగినప్పుడు క్రియ లేని జవాబును అంగీకరించవద్దు.

ఇక జవాబు రాయించడం. 'ఈ అలంకారం కవితకు అందాన్ని ఇచ్చింది' అనే వాక్యాన్ని నీ తరగతిలో నిషేధించు. అది ఏ కవితకైనా సరిపోతుంది కనుక ఏ కవిత గురించీ ఏమీ చెప్పదు. పంక్తి ఏమంటున్నది, అందులో ఏ మాట ఆ పని చేస్తున్నది, ఆ మాట లేకపోతే ఏమి తగ్గేది అనే క్రమంలో రాయమను. ఉదాహరణకు, పొగమంచును పిల్లిగా చూపినందువల్ల అది చప్పుడు లేకుండా వచ్చి, ఎవరి అనుమతీ లేకుండా కూర్చుని, తన ఇష్టం వచ్చినప్పుడు లేచి వెళ్లే ప్రాణిలా కనబడుతున్నదని రాసిన పిల్లవాడు మెటఫర్ అన్న మాటను తప్పుగా స్పెల్ చేసినా సరే, వాడికి కవిత అర్థమైంది. స్పెల్లింగ్ తరువాత దిద్దవచ్చు. దిద్దేటప్పుడు మార్కుతో సరిపెట్టకుండా 'ఏ మాట వల్ల?' అని మార్జిన్‌లో ఒక ప్రశ్న రాసి నోట్‌బుక్ తిరిగి ఇస్తే, రెండోసారి రాసిన జవాబులో తేడా నీకే కనిపిస్తుంది.

మాట్లాడని పిల్లల సంగతి రాశావు. వాళ్లను నిలబెట్టి ప్రశ్నించవద్దు. నీకు నచ్చిన ఒక్క మాట కింద పెన్సిల్‌తో గీత గీయి, ఎందుకో పక్కన రాయి అని చెప్పి, నువ్వు వరుసల మధ్య తిరుగుతూ చదువు. కొందరు తెలుగులో రాస్తారు, రాయనివ్వు, భావం కుదిరాక ఇంగ్లీషులోకి మార్చడానికి నువ్వు ఉన్నావు. చివరి పీరియడ్‌ను మాత్రం వాళ్లు ఎన్నడూ చదవని ఒక చిన్న కవితకు అట్టిపెట్టు. కవి పేరు చెప్పకు, సారాంశం చెప్పకు, గైడ్లు మూయించు, పైకి రెండుసార్లు చదివి వాళ్లకు వదిలిపెట్టు. ఆ రోజు వాళ్లు రాసినవి నాకు పంపితే చదివి, ఎవరికి ఇంకా ఏమి చెప్పాలో రాస్తాను.

ఆశీస్సులతో,
మీ మేనత్త