రూటర్ల ర్యాక్ అడుగుతున్న అబ్బాయికి ఏం కొనాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ ఆఖరి సంవత్సరం. సీసీఎన్ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) పరీక్షకు ఇంట్లో ల్యాబ్ కావాలంటున్నాడు. సెకండ్ హ్యాండ్ రూటర్లు మూడు, నెట్‌వర్క్ స్విచ్‌లు మూడు, వాటికో ర్యాక్ కొనివ్వమంటాడు. చదువుకే అడుగుతున్నాడో సరదాకో అర్థం కావడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఇప్పుడే కొనకండి. అలాగని సరదా అని కొట్టిపారేయనూ వద్దు. నెట్‌వర్కింగ్ పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. కమాండ్లు కొట్టి, తప్పు చేసి, ఆ తప్పు ఎక్కడుందో వెతుక్కుంటేనే వస్తుంది. ల్యాబ్ కావాలన్న మాట నిజమే, అందులో ఇనప ర్యాక్ ఉండి తీరాలన్నదే నిజం కాదు.

నెట్‌వర్క్‌ను కంప్యూటర్ తెర మీదే కట్టి చూసే సాఫ్ట్‌వేర్ సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉంది, అది ఉచితం. సిస్కో వారి నెట్‌వర్కింగ్ అకాడమీ వెబ్‌సైట్లో ఖాతా తెరిస్తే చాలు, మామూలు ల్యాప్‌టాప్ మీదే నడుస్తుంది. వీలాన్లు, స్పానింగ్ ట్రీ, ఓఎస్‌పీఎఫ్, నాట్, యాక్సెస్ లిస్టులు, ఐపీవీ6 వంటి సిలబస్ పాఠాలన్నీ దానిమీద సాధన చేయవచ్చు. సిలబస్‌లో ఉన్న వైర్‌లెస్ కంట్రోలర్ (వైఫై పెట్టెలను ఒక చోటి నుంచే నడిపేది) కూడా అందులో ఉంది. మీవాడు అడిగిన ఆరు పెట్టెల్లో అది లేదు! ప్యాకెట్ ట్రేసర్‌లో కొన్ని కమాండ్లు పనిచేయవు కానీ, ఈ పరీక్ష వరకు ఆ లోటు పెద్దది కాదు.

అసలు సంగతి ల్యాబ్‌లో ఏం చేస్తాడన్నది. చాలామంది వీడియో చూస్తూ అందులో ఉన్నట్టే కొట్టి, పింగ్‌కు (అవతలి కంప్యూటర్ అందుతోందా అని చూసే పరీక్షకు) జవాబు రాగానే లేచిపోతారు. ఒక పని చెప్పి చూడండి. కొత్తపేటలో ఒక చిన్న ఆసుపత్రి ఉందనుకోమనండి. రిసెప్షన్, మందుల షాపు, రక్తపరీక్షల గది, రోగుల వైఫై, ఇలా నాలుగు విభాగాలు. 192.168.10.0/24 అనే చిరునామాల వరసను నాలుగు సమాన భాగాలుగా, అంటే /26లుగా విడగొడితే ఒక్కోదానికి 62 చిరునామాలు వస్తాయి. ఒక్కో విభాగానికి ఒక వీలాన్ (అదే స్విచ్‌లో విడిగా ఉండే నెట్‌వర్క్) పెట్టాలి. రోగుల వైఫై నుంచి బిల్లుల కంప్యూటర్‌కు దారి ఉండకూడదు. ఇదంతా కట్టాక ఫైలును స్నేహితుడికి ఇవ్వాలి. అతను చెప్పకుండా ఒక చోట చెడగొడతాడు: ట్రంకులో (పలు వీలాన్లను మోసే లింకులో) ఒక వీలాన్‌ను తీసేయడమో, ఒక మాస్కును (చిరునామాల వరస ఎంతో చెప్పే అంకెను) /27 చేయడమో, యాక్సెస్ లిస్టును (ఎవరికి దారి ఉందో లేదో చెప్పే జాబితాను) తప్పు వైపు తగిలించడమో. మీవాడు దాన్ని పట్టుకుని, ఎలా పట్టుకున్నాడో నోటుబుక్కులో రాయాలి. ఇంటర్వ్యూలో ఆ నోటుబుక్కు నుంచి చెప్పే మాటలకు ఉన్న బరువు ర్యాక్ ఫొటోకు ఉండదు.

రెండు మూడు నెలలు ఇలా నడిచి, ఆసక్తి ఇంకా తగ్గకపోతే అప్పుడు ఒక రూటరు, సిస్కో 2960 మోడల్ స్విచ్‌లు రెండు, వాటిని ల్యాప్‌టాప్‌కు కలిపే కన్సోల్ కేబుల్ ఒకటి కొనండి. బల్ల మీద పెడితే చాలు. వాటి ఫ్యాన్ల హోరు పడకగదికి పనికిరాదు, గుంటూరు మే నెలలో అవి వెదజల్లే వేడి గురించి నేను చెప్పనక్కరలేదు. డబ్బు ఇచ్చే ముందు దుకాణంలోనే ఆన్ చేయించి మోడల్, సాఫ్ట్‌వేర్ వివరాలు చూపే ‘షో వెర్షన్’ కమాండ్ కొట్టి చూడమనండి. పాత యజమాని పాస్‌వర్డ్ అందులోనే ఉండిపోయి ఉంటే దిగులు పడవద్దు. రూటరు బూట్ అయ్యేటప్పుడు బ్రేక్ కీ నొక్కి, కాన్ఫిగరేషన్ రిజిస్టర్ (రూటరు ఎలా బూట్ అవ్వాలో చెప్పే విలువ) మార్చి లోపలికి వెళ్లడం మంచి పాఠమే. రెండు స్విచ్‌ల మధ్య రెండు కేబుళ్లు వేస్తే డేటా వాటి మధ్య గిరగిరా తిరగకుండా చూసే స్పానింగ్ ట్రీ ఒక పోర్టును ఆపేస్తుంది, దాని లైటు ఆకుపచ్చకు రాకుండా కాషాయ రంగులోనే ఉండిపోతుంది. అది కళ్లారా చూసినవాడు ఆ పాఠం మరచిపోడు.

ఉద్యోగం గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. సీసీఎన్ఏ ఒక్కటే ఉద్యోగం ఇప్పించదు, ఇంటర్వ్యూ దాకా తీసుకువెళ్తుంది. మొదటి కొలువులు ఎక్కువగా నెట్‌వర్క్ పర్యవేక్షణ కేంద్రాల్లో, అదీ హైదరాబాద్, బెంగళూరుల్లో, రాత్రి షిఫ్టులతో ఉంటాయి. ఇంటికి దూరంగా రాత్రి పని చేయడానికి సిద్ధమేనా అని ఇప్పుడే అడగండి.

పరీక్ష ఫీజు 300 డాలర్లు, పన్ను అదనం. తప్పితే మళ్లీ మొత్తం కట్టాలి, గట్టెక్కితే సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. అందుకే సామాన్లకు ముందు ఈ డబ్బు పక్కన పెట్టండి. స్నేహితుడు పెట్టిన తప్పులను అరగంటలోపు వరసగా పట్టుకోగలుగుతున్నాడని తేలాకే తేదీ బుక్ చేయించండి.