బట్టలెక్కడ ఆరేస్తావే?

ప్రశ్న: అక్కా, పెళ్ళయ్యాక డిసెంబరులో అమెరికాకి, న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చాను. మావారి వీసా మీద ఆధారపడే హెచ్4 వీసా, ఉద్యోగం లేదు, కారు నడపడం ఇంకా రాదు. పుట్టినరోజుకి మావారు మంచి కెమెరా కొనిచ్చారు. రెండుసార్లు న్యూయార్క్ వెళ్ళినప్పుడు వాడాను, అంతే. చుట్టూ ఒకేలాంటి అపార్ట్‌మెంట్లు, మోడు చెట్లు. ఇక్కడ ఫొటో తీయడానికి ఏముంది?

జవాబు: నేనూ 2003లో ఇలాగే దిగాను. మొదటి ఏడాది ఆల్బమ్ ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. టైమ్స్ స్క్వేర్‌లో మేము, నయాగరా ముందు మేము, ఎవరిదో ఎర్ర కారుకి ఆనుకుని నేను. మూడేళ్ళు కాపురమున్న ఆ చిన్న ఫ్లాట్‌లో వంటగది ఫొటో మాత్రం ఒక్కటీ లేదు.

మా అమ్మ తెనాలి నుంచి మాట్లాడినప్పుడు నయాగరా ఊసే ఎత్తేది కాదు. "బట్టలెక్కడ ఆరేస్తావే? పాలవాడు వస్తాడా? చెత్త ఎవరు తీసుకెళ్తారు?" ఇవీ ఆవిడ సందేహాలు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఒకరోజు కింద లాండ్రీ రూమ్‌కి వెళ్ళి ఫొటో తీశాను. డ్రయ్యర్ గుండ్రటి అద్దం వెనక నా పసుపు చున్నీ గిరగిరా తిరుగుతోంది, మెషిన్ మీద క్వార్టర్ నాణేలు దొంతరగా పేర్చి ఉన్నాయి. ప్రింటు వేయించి పోస్టులో పంపాను. అమ్మ దాన్ని వీధి వీధంతా చూపించి, "పాపం, ఎండ తగలని బట్టలు కట్టుకుంటున్నారు" అని జాలిపడిందట! సబ్జెక్టుల కోసం వెతుక్కోవడం ఆ రోజుతో మానేశాను. ఇంటివాళ్ళు ఫోన్లో ఏమడుగుతారో అదే తీయడం మొదలుపెట్టాను.

చలికాలమని దిగులు పడకండి. వెలుతురు మాటకొస్తే ఇదే మంచి కాలం. డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా ఇక్కడ సూర్యుడు 26 డిగ్రీల ఎత్తుకి మించి ఎక్కడు. అదే రోజు తెనాలిలో 50 డిగ్రీల దాకా ఎక్కుతాడు. అంటే అక్కడ మధ్యాహ్నం మన నీడ మనకన్నా పొట్టి, ఇక్కడ మనకి రెట్టింపు పొడుగు. దక్షిణం వైపు కిటికీ ఉంటే ఎండ గది లోపలికంటా వచ్చి పడుకుంటుంది. అది సోఫా మీద నుంచి గోడ మీదికి పాకుతుంటే చూస్తూ కూర్చోండి, నాలుగు ఫొటోలు వాటంతటవే దొరుకుతాయి. పొద్దు మాత్రం నాలుగున్నరకే గుంకుతుంది, కాబట్టి బయట తీయాలంటే మూడింటికల్లా కోటు వేసుకోవాలి.

వంటింట్లో తీసేటప్పుడు పైన లైటు ఆర్పేయండి. కిటికీ వెలుగు నీలంగా, బల్బు వెలుగు పసుపుగా కలిసి తెల్లటి అన్నం కూడా జబ్బుపడ్డట్టు కనిపిస్తుంది. ఆవిరి పడాలంటే వెలుతురు దాని వెనక నుంచి రావాలి, ఆ వెనకే ఏదైనా నల్లగా ఉండాలి. నేను ఇడ్లీ పాత్రని కిటికీకి కాస్త ఏటవాలుగా పెట్టి, వెనక నల్ల బేకింగ్ ట్రే నిలబెట్టి మూత తీసేదాన్ని. ఇడ్లీలు చల్లారిపోతున్నాయని మావారి గోల, అది వేరే సంగతి.

బయట నాకు అన్నిటికన్నా ఇష్టం చెత్తబండి వచ్చే ముందురోజు సాయంత్రం. జనవరిలో చూడండి, నెల కిందట దీపాలు కట్టుకుని కిటికీలో వెలిగిపోయిన క్రిస్మస్ చెట్టు రోడ్డు పక్కన బోర్లా పడి ఉంటుంది. స్కూలు బస్సు కూడా వదలకండి. మసక వెలుతురులోనూ నల్ల అక్షరాలు స్పష్టంగా కనబడాలని 1939లో కొలంబియా యూనివర్సిటీలో జరిగిన సమావేశంలో ఆ పసుపు రంగు ఖాయం చేశారు. మంచు కురిసిన పొద్దున అది మలుపు తిరుగుతుంటే ఆ రంగు ఎందుకో మీకే తెలుస్తుంది. పిల్లలు ఎక్కుతున్నప్పుడు మాత్రం తీయొద్దు. రోడ్డు మీద నిలబడి కనబడిందాన్ని తీయడం ఇక్కడ సాధారణంగా తప్పు కాదు గానీ, చట్టం వేరు, మర్యాద వేరు. ఒకసారి ఓ ఇంటి వరండాలో గుమ్మడికాయలు తీస్తుంటే ఆ ఇంటావిడ తలుపు తీసుకుని వచ్చింది. నా గుండె గుభేలుమంది. కెమెరా తెర మీద చూపించి ఎందుకు తీస్తున్నానో చెప్పాక, ముందు అడిగితే దుమ్ము దులిపి పెట్టేదాన్ని కదా అంది. ఓక్ ట్రీ రోడ్డులో మనవాళ్ళ కొట్లలోనైతే అడిగే తీయాలి. ఉగాది ముందు మామిడాకులు, వేపపువ్వు ప్యాకెట్లు వస్తాయి, అప్పుడు వెళ్ళండి.

మోడు చెట్లన్నారు కదా, వాటిలో ఒకదాన్ని ఎంచుకోండి. ప్రతి నెలా ఒకటో తారీఖున అదే చోట నిలబడి తీయండి. అది మేపుల్ అయితే నవంబరు ఫొటో దగ్గర మీ అత్తగారు నమ్మరు, రంగులు మీరే కలిపారంటారు.

మంచును కెమెరా బూడిదరంగుగా చూపిస్తుంది. ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలో పడే వెలుతురు మోతాదు, ఒక మెట్టు పెంచండి. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, రెండోది కోటు లోపలి జేబులో ఉంచుకోండి. ఒకసారి నేను మంచులోంచి నేరుగా పులుసు మరుగుతున్న వంటింట్లోకి కెమెరాతో వచ్చేశాను. లెన్సంతా చెమటపట్టి రెండు రోజులు పనిచేయలేదు. గుమ్మం బయటే జిప్‌లాక్ సంచిలో పెట్టి మూసి, లోపలికి తెచ్చాక గంటసేపు తెరవకండి. ఆ గంటలో అమ్మకి ఫోన్ చేయండి, పక్కన కాగితం, పెన్ను పెట్టుకుని.