పాత టోపో షీట్‌లో గొడ్ల డొంక కనిపిస్తే ఆక్రమణ తీయించొచ్చా?

మీ తాతగారి పెట్టెలో కందుకూరు ప్రాంతపు సర్వే ఆఫ్ ఇండియా మ్యాపు (టోపో షీట్) దొరికింది, అందులో చెరువు పక్కనుంచి పోయే గీత మీ ఊరి గొడ్ల డొంకేనా (గొడ్లు మేతకు పోయే ఉమ్మడి దారి), దాన్ని చూపించి ఆక్రమణ తీయించొచ్చా అని అడిగారు కదా. మాదీ పాడి ఇల్లే, మా డొంక గొడవలో ఇలాంటి షీటే పరుచుకుని కూర్చున్నాం కాబట్టి చెబుతున్నా.

హక్కు రుజువు చేయడానికి ఆ షీట్ ఒక్కటే సరిపోదు. మైలుకు అంగుళం షీట్ అయితే కాగితం మీద 1 మిల్లీమీటరు అంటే నేల మీద సుమారు 63 మీటర్లు, ఇక పక్క రైతు డొంకలో ఎన్ని గజాలు కలిపేసుకున్నాడో అందులో ఎలా తేలుతుంది? పోరంబోకా పట్టానా అన్నది కూడా అది చెప్పదు. గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు వారీగా కొలతలుండే పుస్తకం), ఆర్‌ఎస్‌ఆర్ (ఏ భూమి ఏ రకమో రాసి ఉండే పాత రెవెన్యూ రిజిస్టరు) కావాలి.

మూల మీద షీట్ నంబరు 57 ఎం/16 అని ఉందేమో చూడండి, కందుకూరు అందులోనే వస్తుంది. నెల్లూరు జిల్లా అని రాసి ఉంటే కంగారుపడొద్దు, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కందుకూరు నెల్లూరులోదే. అచ్చయిన ఏడాది కన్నా అంచున వేసే సర్వే ఏడాది ముఖ్యం.

అయినా ఆ షీట్‌ను తక్కువ చేయకండి. అందులో నీళ్ల దారి కనిపిస్తుంది. ఎండిపోయే వాగులు నల్లగా, నీళ్లుండేవి నీలంగా గీస్తారు, ఎత్తుపల్లాల గీతలు గోధుమ రంగులో ఉంటాయి. వాటిని పట్టుకుని పైనుంచి కిందికి వేలితో వెళ్తే ఏ వాగు నీళ్లు ఏ చెరువులో పడేవో తెలిసిపోతుంది. మా ఊళ్లో డొంక చెరువు కట్ట వెంబడే ఎందుకు పోయేదో అప్పుడే అర్థమైంది నాకు. బర్రెకు చెమట తక్కువ, ఎండకు ఒళ్లు కాలితే పాలు తగ్గుతాయి, మధ్యాహ్నం నీళ్లలో పడుకోవాల్సిందే, అందుకని మేతకు పోయే దారిలోనే కుంట ఉండేట్టు పెద్దలు చూసుకున్నారు. ఇప్పుడు ఆ కుంటకు నీళ్లు తెచ్చే వాగును దున్నేశారు, డొంక మిగిలినా గొడ్లకు నీళ్లు లేవు. నా దృష్టిలో డొంక వెడల్పు కన్నా ఇది పెద్ద నష్టం, మీరు అర్జీలో ఆ వాగు సంగతి కూడా రాయండి.

ఊళ్లో గొడ్లు కాసిన పెద్దవాళ్లను మ్యాపు ముందు కూర్చోబెట్టి ఒక్కో చెరువు పేరూ అడగండి, ఆ పేర్లు ఫోటో కాపీ మీద రాసుకోండి. అసలు కాగితానికి టేపు అంటించొద్దు, లామినేషన్ అసలే వద్దు.