మూడో ఫ్రేము కొనివ్వాలా?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. మామిడి తోటలో డ్రోన్‌తో పల్టీలు కొట్టిస్తూ నాలుగు నెలల్లో దాని చట్రాలు, అంటే ఫ్రేములు, రెండు విరగ్గొట్టాడు. ఇప్పుడు మూడోది అడుగుతున్నాడు. ఇదే తన భవిష్యత్తు అంటున్నాడు. కొనివ్వమంటారా?

జవాబు: కొనివ్వండి. అయితే ఏ ఫ్రేము కావాలో, ఎందుకు కావాలో అబ్బాయినే కాగితం మీద రాసి మీ చేతికి ఇవ్వమనండి.

ఆ రెండు ఫ్రేములు ఎక్కడ విరిగాయో ముందు అడగండి. మోటారును మోసే చేయి, అంటే ఆర్మ్, నడిమి ప్లేటును కలిసే మొదట్లో విరిగిందా, మోటారు బిగించే కొసన పొరలు విడిపోయాయా? మొదలు దగ్గర విరిగితే ఆర్మ్ పలచనైనా కావచ్చు, స్క్రూలు వదులైనా కావచ్చు. కొసన పొరలు లేచాయంటే కొమ్మకో రాయికో నేరుగా కొట్టుకుని ఉంటుంది. ఇది చూడకుండా కొన్న మూడోదీ అదే చోట విరుగుతుంది.

రేసింగ్ ఫ్రేము వేరు, పల్టీలకు వాడే ఫ్రీస్టైల్ ఫ్రేము వేరు. పందెంలో ప్రతి గ్రామూ లెక్కే కాబట్టి దాన్ని తేలికగా కోస్తారు. పల్టీలు కొట్టే డ్రోన్ ఎలాగూ పడుతుంది. దానికి కెమెరాను ఇరుపక్కలా కాచే ప్లేట్లు, మందమైన ఆర్మ్‌లు ఉండాలి. అయిదంగుళాల ప్రొపెల్లర్లయితే ఆర్మ్ మందం కనీసం 5 మి.మీ. చూడండి. చెట్ల మధ్య ఎగరేస్తున్నాడు కనుక నేనైతే 6 మి.మీ. అంటాను. ఆ ఒక్క మిల్లీమీటరుతో ఆర్మ్ బరువు 20 శాతం పెరిగితే, వంగకుండా నిలిచే శక్తి సుమారు 70 శాతం పెరుగుతుంది. దండం వంపు దాని మందం ఘనానికి విలోమానుపాతంలో ఉంటుంది. మీ అబ్బాయి ఫిజిక్స్‌లో ఘనపదార్థాల యాంత్రిక ధర్మాల పాఠం తెరిస్తే ఆ సూత్రం కనిపిస్తుంది. ఈ లెక్క తనంతట తాను చేసి చూపించాడంటే నాకు చాలా సంతోషం.

ఆర్మ్‌లు విడివిడిగా మార్చుకునే ఫ్రేమే తీసుకోండి. ఒకే ప్లేటులో కోసినది గట్టిదే, కానీ ఒక్క కొస విరిగితే ప్లేటంతా మార్చాలి, డ్రోన్ మొత్తం విప్పాలి. రెండు విడి ఆర్మ్‌లు ఫ్రేముతోపాటే తెప్పించండి. విడి ఆర్మ్‌లు దొరకని ఫ్రేము ఎంత చవకైనా వద్దు.

ఒక జాగ్రత్త. ఈ ఫ్రేములను కార్బన్ ఫైబర్ పలకలతో చేస్తారు. వాటి అంచులను కొందరు పిల్లలు ఉప్పుకాగితంతో రుద్దుతారు. ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని. తడిపి, మాస్కు పెట్టుకుని, ఆరుబయట రుద్దాలి. కార్బన్‌లో కరెంటు పారుతుంది కూడా. పదునైన అంచు మోటారు తీగ తొడుగును కోస్తే షార్ట్ అవుతుంది.

ఇక భవిష్యత్తు. పల్టీలు కొట్టించి జీతం తెచ్చుకునేవారు చాలా తక్కువ, ఆ మాట అబ్బాయికి దాచకుండా చెప్పండి. విరిగినదాన్ని చదివి గట్టిగా మళ్లీ చేయగలవాడికి మాత్రం మెకానికల్, ఏరోస్పేస్, ఎలక్ట్రానిక్స్ దారులున్నాయి. ఈఏపీసెట్‌తో తిరుపతిలోని ఎస్వీ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కళాశాల, జేఈఈ అడ్వాన్స్‌డ్‌తో ఏర్పేడు దగ్గరి ఐఐటీ. రెండింటికీ ఇప్పుడు చదివే ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలే ఆధారం. డ్రోన్ నడిపేవారికి ఇచ్చే రిమోట్ పైలట్ సర్టిఫికెట్‌కు 18 ఏళ్లు నిండాలి, పదో తరగతి పాసై ఉండాలి. దానికి తొందర లేదు.

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం బ్యాటరీతో కలిపి 250 గ్రాములు దాటితే మైక్రో తరగతి. అయిదంగుళాల ప్రొపెల్లర్లున్న డ్రోన్ అంతకు మించే తూగుతుంది. సరదాకు ఎగరేయడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు కానీ డ్రోన్‌కు గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. తిరుమలలో డ్రోన్ నిషేధం. దర్శనానికి వచ్చేటప్పుడు సంచిలో కూడా పెట్టనివ్వకండి.

విరిగిన ఆర్మ్‌లను పారేయనివ్వకండి. ఒక్కోదానిమీద తేదీ, దేన్ని గుద్దిందో రాసి దాచమనండి. సెలవుల్లో తిరుపతి వచ్చినప్పుడు మార్కుల జాబితాతోపాటు అవీ తెస్తే ముగ్గురం కూర్చుని చూద్దాం.