తమ్ముడి హత్య తేలలేదు... పిన్నిని చూడటానికి వెళ్లొచ్చా?

ప్రశ్న: 1991లో హైదరాబాద్‌లో మా తమ్ముణ్ణి ఎవరో చంపేశారు. వాడికప్పుడు 16 ఏళ్లు. నేరస్తుడు దొరకలేదు. పోలీసులు మా పిన్ని కొడుకును పిలిపించి, ప్రశ్నించి వదిలేశారు. వాడే చేశాడని అమ్మ నమ్మకం. అప్పట్నుంచీ రెండిళ్ల మధ్య రాకపోకల్లేవు. ఇప్పుడు పిన్నికి క్యాన్సర్. నన్ను చూడాలంటోందట. ‘ఆ గడప తొక్కితే నాకు కూతురే లేదనుకుంటా’ అంటోంది అమ్మ. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయను?
– ఓ సోదరి, సికింద్రాబాద్

జవాబు: అమ్మా, వెళ్లి పిన్నిని చూసి రండి. ఆమె ఆరోగ్యం ఇలా ఉన్నప్పుడు వాయిదా వేయొద్దు.

మీ అమ్మగారిది మొండితనం అనుకోకండి. బిడ్డను చంపిందెవరో తెలియకపోతే ఆ తల్లి కోపం ఎవరిమీదో ఒకరిమీద నిలుస్తుంది. పోలీసులు పిలిచిన కుర్రాడి మీద నిలిచింది. కానీ స్టేషన్‌కు పిలవడం వేరు, నేరం రుజువు కావడం వేరు. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో 17 ఏళ్ల ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. ఆ కేసులో ఓ యువకుడికి 2010లో యావజ్జీవం పడింది. 2017లో హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడిచిపెట్టింది. అప్పటికే ఎనిమిదేళ్లకు పైగా జైల్లో మగ్గాడు. అతను కాదు, అసలు దోషుల్ని పట్టుకోండని మొత్తుకున్నది ఎవరో కాదు, ఆ అమ్మాయి తల్లిదండ్రులే. కడుపుకోతలో ఉండి కూడా అంత మాట అనగలిగారంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

అలాగని ‘వాడు ఏ తప్పూ చేయలేదు’ అని అమ్మతో వాదించకండి. ఆ సంగతి మీకూ తెలియదు, నాకూ తెలియదు. ‘తమ్ముడి కేసు మళ్లీ కదిలిద్దాం’ అనండి. హత్య కేసుకు కాలపరిమితి లేదు. నేరస్తుడు దొరకలేదంటూ పోలీసులు కేసు మూసేస్తే, కోర్టు దాన్ని ఆమోదించే ముందు ఫిర్యాదు చేసిన వాళ్లకు నోటీసిచ్చి వాళ్ల మాట వినాలని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. అప్పట్లో మీ ఇంటికి అలాంటి నోటీసు వచ్చిందా? ఎఫ్‌ఐఆర్, కేసు మూసేస్తూ పోలీసులు ఇచ్చిన తుది నివేదిక నకళ్ల కోసం కోర్టులో దరఖాస్తు పెట్టండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. ఇన్నేళ్ల తర్వాత సాక్ష్యాలు దొరక్కపోవచ్చు, అమ్మకు ఆశలు పెంచకండి. అయినా కొడుకు కోసం ఎవరో ఒకరు ఇంకా తిరుగుతున్నారన్నది ఆ తల్లికి చిన్న విషయం కాదు.

పిన్ని దగ్గరికి మాత్రం అమ్మకు చెప్పే వెళ్లండి. చాటుగా వెళ్లి, తర్వాత బంధువుల నోట వింటే ఆమె తట్టుకోలేరు. తిడతారు, నాలుగు రోజులు మాట్లాడరు. మీరు మాత్రం రోజూ వెళ్లి ఆమె దగ్గర కూర్చోండి. పిన్ని ఇంట్లో హత్య ప్రస్తావన మీరై తేవద్దు. ఆమె ఏదైనా చెప్పాలనుకుంటే వినండి, మధ్యలో ప్రశ్నలు వేయకండి. అమ్మకు నిద్ర, తిండి తగ్గితే సైకియాట్రిస్ట్‌కు చూపించండి. ముందుగా ఫోన్‌లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు.